బోరు నీళ్లు, రోహిణి ఎండలు, కవచపు క్యాట్‌ఫిష్‌లు

నెల్లూరులోనో ఒంగోలులోనో అక్వేరియం షాపుకి వెళ్లి, ట్యాంకు అద్దాలకు నాచు పడుతోందని చెప్తే చేతికిచ్చేది దాదాపు ఎప్పుడూ ఒకటే చేప. రెండు మూడు అంగుళాల పొడవు, ఒళ్లంతా నల్ల మచ్చలు, నోటితో అద్దానికి అంటుకుని ఉంటుంది. అదొక క్యాట్‌ఫిష్. దాన్ని సక్కర్ అంటారు, క్లీనర్ అంటారు. ధర తక్కువ. తెచ్చి గోల్డ్‌ఫిష్‌ల పక్కన వదిలేస్తాం. ఆ చేప ఎంత పెరుగుతుంది, ఏం తింటుంది, ఎన్నేళ్లు బతుకుతుంది అన్న మాటలు ఆ బేరంలో రావు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఎందుకంటే ఈ చేపకు దగ్గర చుట్టాలైన చిన్న చేపలు కొన్ని మామూలు ఇంటి ట్యాంకులో, మన ఎండలకు కూడా తట్టుకుని, ఏళ్ల తరబడి హాయిగా బతకగలవు. అవి అదే షాపులో, పక్క తొట్టిలోనే ఉంటాయి.

క్యాట్‌ఫిష్ అనగానే మనవాళ్లకు ప్రభుత్వం నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ గుర్తొస్తుంది. ఆ నిషేధం దానికే, ఇక్కడ మాట్లాడుకునేవి వేరే చేపలు. మన చెరువుల్లోని జెల్లలు, వాలుగ, మార్పు, ఇంగిలాయి కూడా ఈ క్యాట్‌ఫిష్ వర్గానివే. వాటికి పొలుసులు ఉండవు, నున్నటి చర్మం ఉంటుంది. దక్షిణ అమెరికాలోని రెండు కుటుంబాలు మాత్రం చర్మం మీద ఎముక పలకలు పెంచుకున్నాయి. ఒకటి కాలిక్తిడే. ఇందులోని కోరీడోరస్ చేపలకు ఒక్కో పక్కన రెండేసి వరుసల పలకలు ఉంటాయి. రెండోది లోరికారిడే. వీటికి ఒంటిమీద చాలా వరుసల పలకలు, తల అడుగున రాతికి అతుక్కునే నోరు ఉంటాయి. షాపుల్లో ప్లెకోలు అనే చేపలన్నీ, మొదట చెప్పిన సక్కర్‌తో సహా, ఈ రెండో కుటుంబమే.

మన షాపుల్లో ఈ రెండు కుటుంబాల నుంచి సాధారణంగా మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది కోరీలు. రెండు రెండున్నర అంగుళాలు పెరిగే, గుంపుగా తిరిగే, మీసాలతో ఇసుక తవ్వుకునే చేపలు. రెండోది బ్రిజిల్‌నోస్ ప్లెకో. నాలుగైదు అంగుళాల దగ్గర ఆగిపోతుంది, పెద్దదైన మగచేప మూతి మీద కొమ్మల్లాంటి మెత్తటి పిలకలు మొలుస్తాయి. మూడోది సక్కర్ పేరుతో అమ్మే సెయిల్‌ఫిన్ ప్లెకో, శాస్త్రీయంగా టెరిగోప్లిక్తిస్. ఇది అడుగు దాటి, ఒకటిన్నర అడుగుల దాకా పెరుగుతుంది, పదిహేనేళ్లు బతకగలదు. ఓటోసింక్లస్ అనే ఇంకో బుల్లి చేప కూడా అప్పుడప్పుడూ వస్తుంది గానీ, అది చాలావరకు నదుల్లో పట్టి తెచ్చేదే. ప్రయాణంలోనే తిండిలేక నీరసించి ఉంటుంది. నాచు బాగా పట్టిన పాత ట్యాంకు లేనివాళ్లు దాని జోలికి పోకపోవడం మంచిది.

పిల్లలుగా ఉన్నప్పుడు బ్రిజిల్‌నోస్‌కీ సెయిల్‌ఫిన్‌కీ తేడా పట్టడం కష్టం, పిలకలు అప్పటికి మొలవవు. వెన్ను మీది రెక్క విప్పినప్పుడు అందులోని పుల్లలు లెక్కపెట్టండి. ఏడెనిమిది ఉంటే బ్రిజిల్‌నోస్ కావచ్చు. పది, అంతకు మించి ఉండి, రెక్క తెరచాపలా ఎత్తుగా లేస్తే అది సెయిల్‌ఫిన్. షాపులో ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూసుకుంటే ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు పెట్టకపోతే ఏమవుతుందో మన కాలువల్ని చూస్తే తెలుస్తుంది.

సెయిల్‌ఫిన్ రెండేళ్లలో రెండడుగుల ట్యాంకులో తిరగలేని సైజుకు వస్తుంది. చంపడానికి మనసొప్పదు, షాపువాళ్లు వెనక్కి తీసుకోరు. చివరికి బకెట్లో వేసుకుని దగ్గర్లోని కాలువకో చెరువుకో తీసుకెళ్తారు, ప్రాణం కాపాడామనుకుంటారు. తెలుగు రాష్ట్రాల్లో చేపలు పట్టేవాళ్లు దెయ్యం చేప అని తిట్టుకునేది దీన్నే. వెన్ను ముల్లూ పక్క ముళ్లూ వలలో చిక్కుకుంటాయి, విడదీయబోతే వల చిరుగుతుంది. కోసినా కవచం తప్ప కండ పెద్దగా దొరకదు, కొనేవాళ్లు లేరు. మగచేప గుడ్ల కోసం గట్టులో మీటరు దాకా బొరియ తవ్వుతుంది. చెరువు కట్టలకూ చేపల గుంటల గట్లకూ అది చేటు. గాలి మింగి బతకగలదు కాబట్టి నీళ్లు చెడినా, తగ్గినా చావదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (జీవకణాల పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు నీళ్లలో కలిసిన డీఎన్‌ఏను పరీక్షించి, తూర్పు కనుమల్లోని నీటివనరుల్లో సుమారు 60 శాతంలో ఈ చేప చేరిందని తేల్చారు. పెన్నా నీళ్లు సోమశిల నుంచి సంగం, నెల్లూరు ఆనకట్టల మీదుగా కాలువలకూ, అక్కడి నుంచి చెరువులకూ, పొలాలకూ, గుంటలకూ పారే చోట ఒక్క చేప వదిలినా అది ఒక్కచోట ఆగదు. చేపలూ రొయ్యలే బతుకుగా ఉన్న జిల్లాలో ఇది ఒక ఇంటి విషయం కాదు.

ఇప్పటికే ఇంట్లో పెద్ద సక్కర్ ఉంటే ముందు పెద్ద ట్యాంకులు ఉన్న అభిరుచిదారుల కోసం వెతకండి. హోటళ్లలో, ఆఫీసుల్లో ఆరడుగుల ట్యాంకులు పెట్టుకున్నవాళ్లు కొందరు తీసుకుంటారు. ఎవరూ దొరక్కపోతే లవంగ నూనెను కొద్ది నీళ్లలో బాగా గిలకొట్టి, చేప ఉన్న బకెట్లో కొంచెం కొంచెంగా కలిపితే అది ముందు మత్తులోకి జారుతుంది. మోతాదు పెంచి, మొప్పల కదలిక పూర్తిగా ఆగాక కూడా చాలాసేపు అందులోనే ఉంచితే బాధ లేకుండా పోతుంది. ఈ మాట రాయడం నాకు ఇష్టమైన పని కాదు. అయినా కాలువలో వదలడం కన్నా ఇదే న్యాయం.

ఇక క్లీనర్ అన్న మాట సంగతి. ఈ మూడు రకాల్లో ఏదీ చేపల మలం తినదు. కోరీలు నాచు కూడా తినవు. అవి పురుగులూ, ఇసుకలో పడ్డ మేతా తినే చేపలు. బ్రిజిల్‌నోస్ నాచు గీకుతుంది, నిజమే. కానీ గీకినదంతా మళ్లీ మలంగా అడుగుకే చేరుతుంది, అదీ పొడవాటి దారాలుగా. కాబట్టి ఇవి వచ్చాక ట్యాంకుకు పని పెరుగుతుంది తప్ప తగ్గదు. పైగా చెత్త పేరుకునేది అడుగునే, ఇవి రోజంతా ఉండేదీ అడుగునే. నీళ్లు చెడితే ఆ దెబ్బ ముందు తగిలేది వీటికి. ట్యాంకు బాగుంచడానికి కోరీలు తెచ్చుకోవడం కాదు, కోరీల కోసం ట్యాంకు బాగుంచుకోవాలి. కింద చెప్పేదంతా దీన్నుంచి వచ్చేదే.

మన నీళ్ల లెక్క

ఇంటర్నెట్‌లో కోరీల గురించి చదివితే మెత్తటి నీళ్లు, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 6.5 అని ఉంటుంది. మన బోర్ల నీళ్లు చూస్తే పీహెచ్ 8 చుట్టూ ఉంటుంది, బిందె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. తీరం వైపు బోర్లలో ఉప్పు, కనిగిరి వైపు ఫ్లోరైడ్. ఇది చదివి చాలామంది టెన్షన్ పడి, షాపులో దొరికే పీహెచ్ తగ్గించే మందు పోస్తారు. అది పెద్ద పొరపాటు. బోరు నీళ్లలో బైకార్బనేట్లు ఎక్కువ. మందులోని ఆమ్లాన్ని అవి కాసేపట్లోనే తినేస్తాయి, పీహెచ్ మళ్లీ పైకి లేస్తుంది. రోజూ పోస్తే చేప రోజూ ఒక గెంతు చూస్తుంది. 8 దగ్గర కదలకుండా ఉన్న పీహెచ్ కన్నా, ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఊగే పీహెచ్ చేపను ఎక్కువ అలసిపోయేలా చేస్తుంది.

మనకు దొరికే కోరీల్లో ఎక్కువ భాగం తొట్లలో పుట్టి పెరిగినవి. చెన్నై కొళత్తూరు చుట్టుపక్కల పెంపకందార్ల నుంచీ కోల్‌కతా నుంచీ వచ్చేవి. వాటి అమ్మానాన్నలు కూడా అమెజాన్ చూసి ఉండవు. కంచు రంగు కోరీ, మచ్చల పెప్పర్డ్ కోరీ ఒక మోస్తరు హార్డ్ వాటర్‌కు, అంటే లవణాలు ఎక్కువున్న కఠిన జలానికి, అలవాటు పడతాయి. వాటిని చంపేది కఠినత్వం ఒక్కటే కాదు. ఎక్కువ పీహెచ్, ఎక్కువ వేడి, అమ్మోనియా, ఈ మూడూ కలిసినప్పుడే ప్రమాదం. దీన్ని కాస్త వివరంగా చూడాలి.

చేప మొప్పల నుంచి, మలం నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా వస్తుంది. నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం అయాన్‌గా ఉన్నప్పుడు పెద్దగా హాని చేయదు. అయాన్‌గా మారని అమ్మోనియా మాత్రం మొప్పల్లోంచి నేరుగా రక్తంలోకి దూరుతుంది. టెస్ట్ కిట్ ఈ రెంటినీ కలిపే చూపిస్తుంది. రెండింటి వాటా ఎంతన్నది పీహెచ్, వేడి తేలుస్తాయి. పీహెచ్ 7, వేడి 25 డిగ్రీలు ఉన్న నీళ్లలో మొత్తం అమ్మోనియాలో విషపు రూపం ఒక శాతంలో సగం పైచిలుకు మాత్రమే. పీహెచ్ 8.2, వేడి 30 డిగ్రీలు అయితే అదే 11 శాతం దాకా పోతుంది. అంటే కిట్‌లో ఒకే రంగు కనిపించినా, మన నీళ్లలో విషం సుమారు ఇరవై రెట్లు. బెంగళూరు మిత్రుడి ట్యాంకులో ఏమీ కాని అశ్రద్ధకు నెల్లూరు ట్యాంకులో చేపలు చచ్చిపోవడం వెనక ఉన్న కారణం ఇదే. మధ్యాహ్నం పీహెచ్ లేచినప్పుడు గుంటలో అమ్మోనియా ఎందుకు కొడుతుందో మన రొయ్యల రైతులకు కొత్తగా చెప్పక్కర్లేదు. అక్వేరియంలోనూ రసాయనం అదే.

అందుకని మన దగ్గర అమ్మోనియా తక్కువ ఉంటే చాలు అనుకోకూడదు, సున్నా ఉండాలి. కొత్త ట్యాంకు పెట్టాక ఫిల్టర్‌లో బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, ఇంకోరకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండు మెట్లూ పూర్తయ్యాకే కోరీలు తేవాలి. నైట్రేట్‌ను తగ్గించేది మనం మార్చే నీళ్లే. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చడం కనీస పని. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద రుద్ది కడిగితే అందులోని బ్యాక్టీరియా పోతుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండి పెట్టాలి.

పరీక్ష విషయంలో మన జిల్లాల్లో ఒక సౌకర్యం ఉంది, వాడుకునేవాళ్లు తక్కువ. రొయ్యల సాగు ఉన్న ఊళ్లలో ఆక్వా ల్యాబులు ఉంటాయి. గుంట నీళ్ల సీసా ఇస్తే పీహెచ్, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, అమ్మోనియా, నైట్రైట్ చూసి కాగితం మీద రాసిస్తారు. మీ బోరు నీళ్లొక సీసా, ట్యాంకు నీళ్లొక సీసా తీసుకెళ్తే సరిపోతుంది. చేతిలోని టీడీఎస్ మీటరు నీళ్లలో ఎంత కరిగిందో చెప్తుంది గానీ, ఏది కరిగిందో చెప్పదు. ఆ తేడా ల్యాబు కాగితంలోనే తెలుస్తుంది.

బోరు మరీ ఉప్పగా ఉన్నవాళ్లు వాటర్ ప్లాంటు క్యాన్ నీళ్లను (ఆర్‌వో నీళ్లను) సగం సగం కలుపుకోవచ్చు. ఉత్త ఆర్‌వో నీళ్లే పోయకూడదు. అందులో పీహెచ్‌ను నిలబెట్టే బైకార్బనేట్లు దాదాపు ఉండవు, కొన్నాళ్లకు పీహెచ్ ఒక్కసారిగా కుప్పకూలుతుంది. ఏ పాళ్లలో కలిపినా ప్రతి వారం అవే పాళ్లు ఉండాలి. మున్సిపాలిటీ కుళాయి నీళ్లు వాడేవాళ్లు క్లోరిన్ విరుగుడుకు థయోసల్ఫేట్ చుక్కలు వేయాలి. బోరు నీళ్లలో క్లోరిన్ లేకపోయినా, భూమిలోంచి వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉంటాయి. ఒక డ్రమ్ములో పట్టి రాత్రంతా ఎయిర్ పంపు పెట్టి, మర్నాడు పోస్తే ఆ రెండూ సర్దుకుంటాయి.

మే నెల

పెప్పర్డ్ కోరీ సొంత ఊరు దక్షిణ బ్రెజిల్, ఉరుగ్వే, అర్జెంటీనాలు. బీగిల్ ఓడ ప్రయాణంలో డార్విన్ సేకరించిన చేపల్లో ఇదొకటి, 1842లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. అక్కడ చలికాలం గట్టిగా ఉంటుంది, కాబట్టి ఈ చేపకు 20 నుంచి 24 డిగ్రీల నీళ్లు హాయి. నలుపు తెలుపు మచ్చలతో ముద్దుగా కనిపించే పాండా కోరీ పెరూలో ఆండీస్ కొండల చల్లటి నీళ్లు చేరే వాగుల్లోది. మే నెలలో 42, 43 డిగ్రీలు చూసే మన ఊళ్లలో, ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్లు 31, 32 దాకా పోతాయి. పాండా కోరీని ఎంత ముద్దొచ్చినా ఇక్కడ కొనవద్దనే నా సలహా. కంచు కోరీ 27 దాకా సుఖంగా ఉంటుంది, కొన్నాళ్లు 29, 30 ఓర్చుకుంటుంది. నల్ల ఒంటి మీద తెల్ల చుక్కలు, నారింజ రంగు రెక్కలు ఉండే స్టెర్బా కోరీ ధర ఎక్కువైనా వేడికి ఇంకాస్త గట్టిది. నెల్లూరులో మొదటిసారి పెంచేవాళ్లకు నేను చెప్పేది ఈ రెండే. 2024లో శాస్త్రవేత్తలు కోరీడోరస్‌ను అనేక ప్రజాతులుగా విడగొట్టారు కాబట్టి, కంచు కోరీకి పుస్తకాల్లో ఆస్టియోగాస్టర్ అన్న కొత్త పేరు కనబడితే కంగారు పడకండి, చేప అదే.

వేడి రెండు వైపుల నుంచి కొడుతుంది. 24 డిగ్రీల నీళ్లు లీటరుకు 8.4 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకోగలవు, 32 డిగ్రీల్లో అది 7.3కి పడిపోతుంది. అదే సమయంలో చేప ఒంట్లో జీవక్రియ వేగం పెరిగి ఆక్సిజన్ అవసరం ఎక్కువవుతుంది. మొక్కలున్న ట్యాంకులో తెల్లవారుజామున ఆక్సిజన్ ఇంకా కిందికి పోతుంది, రాత్రంతా మొక్కలు కూడా దాన్ని వాడుకుంటాయి కాబట్టి. రొయ్యల గుంటల మీద రాత్రిళ్లు ఏరేటర్లు తిరిగేది ఈ డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోతుందన్న భయంతోనే.

కోరీలకు ఇక్కడ ఒక వరం ఉంది. అవి నీటి పైకి దూసుకొచ్చి, ఒక గుటక గాలి మింగి, మళ్లీ అడుక్కి పోతాయి. మింగిన గాలిలోని ఆక్సిజన్‌ను పేగు చివరి భాగం పీల్చుకుంటుంది. ప్లెకోల్లో చాలావాటికి ఈ పని పొట్ట చేస్తుంది. రోజులో అప్పుడప్పుడూ ఇలా పైకి రావడం సహజం. గుంపులో ఒకదాని తర్వాత ఒకటి నిమిషానికోసారి పరిగెడుతుంటే మాత్రం నీళ్లలో ఆక్సిజన్ తగ్గిందనో, అమ్మోనియా మొప్పల్ని కాలుస్తోందనో అర్థం. గాలి పీల్చే చేపే కదా అని ఎయిర్ పంపు లేకుండా పెంచడం సరికాదు. ఆ గుటక ఆపద కోసం ఉన్నది.

చల్లబరచడానికి చిల్లర్ కొనలేనివాళ్లు చిన్న ఫ్యాన్‌ను నీటి పైభాగం మీదికి తిప్పితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. గాలిలో తేమ తక్కువున్న పొదిలి, కనిగిరి వైపు ఇది బాగా పనిచేస్తుంది. ఉక్కపోతగా ఉండే నెల్లూరు, కావలి తీరంలో అంత దిగదు. ఫ్యాన్ పెడితే నీళ్లు త్వరగా తగ్గుతాయి, తగ్గేది ఉత్త నీరే, లవణాలు ట్యాంకులోనే మిగులుతాయి. అందుకే తగ్గిన మేరకు నింపడానికి మాత్రం ఆర్‌వో నీళ్లే పోయాలి, మళ్లీ బోరు నీళ్లు పోస్తే వేసవి ముగిసేసరికి కఠినత్వం బాగా పెరిగిపోతుంది. ఐసు గడ్డలు వేయడం వల్ల వేడి పడిపోయి మళ్లీ లేస్తుంది, చేపకు అది ఇంకా కష్టం. మధ్యాహ్నం మిద్దె మీది ప్లాస్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చేయి కాలేంత వేడిగా ఉంటాయి, కాబట్టి ఎండాకాలంలో నీళ్లు మార్చే పని తెల్లవారకముందే పెట్టుకోవాలి. కరెంటు పోయినప్పుడు కూడా నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు, దానికి తగిలించిన స్పాంజి ఫిల్టర్ ఉంటే సగం గండం గడిచినట్టే.

అడుగున ఏం పరవాలి

కోరీ తినే తీరు చూస్తే ఇసుక ఎందుకో తెలుస్తుంది. మూతిని కళ్ల దాకా ఇసుకలో గుచ్చి, నోటినిండా తీసుకుని, తినేది ఉంచుకుని మిగతా ఇసుకను మొప్పల గుండా వదిలేస్తుంది. షాపుల్లో అమ్మే రంగురంగుల గులకరాళ్ల మీద ఆ పని చేయలేదు. మేత రాళ్ల సందుల్లోకి జారి కుళ్లుతుంది, అక్కడే మూతి పెట్టే చేప మీసాలు బ్యాక్టీరియా సోకి కొంచెం కొంచెంగా అరిగిపోతాయి. మీసాలు లేని కోరీ తిండి వెతుక్కోలేదు.

మంచి ఇసుక మనకు దగ్గర్లోనే ఉంది. పెన్నా ఇసుక ముతక, కొంచెం గరుకు. సన్న జల్లెడ పట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా బకెట్లో కడిగితే పనికొస్తుంది. ఇంకా మంచిది గూడూరు, చిల్లకూరు వైపు దొరికే తెల్లటి సిలికా ఇసుక. అది నీళ్లలో ఏమీ కలపదు. మైపాడు బీచ్ ఇసుకో, కొత్తపట్నం ఇసుకో తేవద్దు. ఉప్పు కడిగినా పోతుందేమో గానీ అందులోని గవ్వల, ఆల్చిప్పల పొడి పోదు, అది కరుగుతూ ఇప్పటికే ఎక్కువున్న కఠినత్వాన్ని ఇంకా పెంచుతుంది. ఏ ఇసుకైనా రాయైనా అనుమానం ఉంటే దాని మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడండి. బుడగలు పొంగితే అందులో సున్నం ఉన్నట్టు. ఇసుక మందం అంగుళం చాలు, అంతకు మించితే అడుగున గాలి ఆడక కుళ్లు వాసన పుడుతుంది.

రాళ్ల విషయంలో ప్రకాశం వైపు వాళ్లు అదృష్టవంతులు. మార్కాపురం పలకరాయి ముక్కలు ప్లెకోల గుహలకు చక్కగా సరిపోతాయి. రెండు ముక్కలు నిలబెట్టి మీద ఒకటి పరిచి, ఇసుక మీద కాకుండా ట్యాంకు అద్దం మీద నేరుగా ఆనేలా పెట్టాలి. లేదంటే చేపలు కింద ఇసుక తవ్వి రాయిని తమ మీద పడేసుకుంటాయి. చీమకుర్తి గ్రానైటు తునకలు కూడా పనికొస్తాయి, అంచులు అరగదీసి పెట్టుకోవాలి. ఇళ్ల ముందు పరిచే నాపరాయి, కడప రాయి మాత్రం సున్నపురాళ్లు, ట్యాంకులో పెట్టవద్దు. బ్రిజిల్‌నోస్‌కు నీళ్లలో మునిగే కొయ్య ముక్క ఒకటి తప్పక ఉండాలి, దాని మీద పట్టే పొరను రోజూ గీకుతుంది. వీధిలో రాలిన ఎండు బాదం ఆకులు కడిగి రెండు వేస్తే నీళ్లు లేత టీ రంగుకు తిరుగుతాయి, కోరీలు వాటి కింద దాక్కుంటాయి.

ట్యాంకు ఎత్తు కన్నా అడుగు వైశాల్యం ముఖ్యం. ఆరు కోరీలకు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు కనీసం. బ్రిజిల్‌నోస్ కూడా కావాలంటే రెండున్నర, మూడడుగులు. కోరీలు ఒకే రకానివి ఆరుకు తగ్గకూడదు. రకానికొకటి చొప్పున మూడు కొనడం మన దగ్గర మామూలు, అలా తెచ్చిన చేప మూలన నక్కి ఉంటుంది. గుంపులో ఉన్న కోరీని చూస్తే తప్ప అది ఎంత చలాకీ చేపో తెలియదు.

మేత, తోడు, మందులు

పైన తేలే రేకుల మేత పై చేపలకే సరిపోతుంది, అడుక్కి చేరేది పొడి మాత్రమే. మునిగే గుళికలు వేయాలి, లైటు ఆర్పిన తర్వాత వేస్తే పై చేపలు అడ్డు రావు. రొయ్యల మేత మునుగుతుంది, ప్రోటీన్ కూడా ఎక్కువ. అందుకే మన వైపు కొందరు అదే వాడతారు. అది చెరువు కోసం చేసింది, మిగిలితే నీళ్లు త్వరగా పాడవుతాయి. వాడితే చిటికెడే వాడాలి. వారానికి రెండుసార్లు ఫ్రీజర్‌లో దొరికే రక్తపు పురుగులు ఇస్తే కోరీలు పుంజుకుంటాయి. మురుగుకాలువల్లో పట్టిన ట్యూబిఫెక్స్ పురుగులు వద్దు, రోగాలు తెస్తాయి. బ్రిజిల్‌నోస్‌కు బీరకాయ, కీర దోసకాయ, సొరకాయ ముక్క ఒక నిమిషం ఉడికించి, స్టీలు ఫోర్కు గుచ్చి అడుగున పెట్టాలి. పొద్దున్నే మిగిలింది తీసేయాలి, మన వేడిలో సాయంత్రానికి కుళ్లిపోతుంది.

తోడుగా టెట్రాలు, రాస్బోరాలు, గప్పీలు, ప్లాటీలు బాగుంటాయి. బోరు నీళ్లు గట్టిగా ఉన్న ఇళ్లలో గప్పీ, ప్లాటీలతో కోరీలను కలపడమే సులువైన దారి. గోల్డ్‌ఫిష్‌తో వద్దు. గోల్డ్‌ఫిష్ నీళ్లను విపరీతంగా పాడుచేస్తుంది, పైగా తిండి చాలని సక్కర్ రాత్రిళ్లు దాని ఒంటి జిగురు గీకి గాయం చేస్తుంది. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ లాంటి పెద్ద నోటి చేపలు కోరీని మింగబోతే, కోరీ తన ముళ్లు విప్పి బిగిస్తుంది. గొంతులో ఇరుక్కుని రెండూ చస్తాయి.

ఆ ముళ్ల వల్లే కోరీని వలతో పట్టకూడదు. వల దారాల్లో చిక్కుకుంటే విడదీయడంలో రెక్క చిరుగుతుంది. నీళ్లతో సహా ప్లాస్టిక్ గ్లాసులోకి తోలాలి. ముల్లు గుచ్చుకుంటే వేలు సలుపుతుంది, దాని మొదట్లో చిన్న విషగ్రంథి ఉంటుంది. బాగా బెదిరిపోయిన కోరీ ఆ స్రావం వదిలితే సంచిలోని కొద్ది నీళ్లలో తనూ, పక్క చేపలూ చావచ్చు. చెన్నై నుంచి తెచ్చుకునేటప్పుడు ఒకే సంచిలో డజను కుక్కనివ్వకండి.

చేపకు ఏం జబ్బు చేసినా కల్లుప్పు పోయమనడం మన షాపుల అలవాటు. మోలీ చేపకు నప్పే ఉప్పు కోరీకి నప్పదు. రాగి ఉన్న మందులూ అంతే, సీసా మీద రాసిన పూర్తి మోతాదు ఈ చేపలకు ఎక్కువవుతుంది. జబ్బు చేసిన చేపను వేరే టబ్బులోకి తీసి, సగం మోతాదుతో మొదలుపెట్టాలి. అసలు కొత్త చేపను మూడు వారాలు విడిగా ఉంచి తర్వాత కలిపితే మందుల అవసరమే చాలావరకు రాదు.

వాటికి ఇక్కడ బాగుంటే గుడ్లు పెడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మనకు ఈశాన్య రుతుపవనాల వానలు పడే రోజుల్లో, రెండు డిగ్రీలు చల్లటి నీళ్లు మారిస్తే కోరీలకు వానాకాలం వచ్చినట్టే. పెద్ద పొట్ట ఆడచేప వెంట సన్నటి మగచేపలు పరుగులు తీస్తాయి, మర్నాటికి అద్దం మీద అంటుకున్న గుడ్లు కనిపిస్తాయి. అమ్మానాన్నలే తినేస్తాయి కాబట్టి గుడ్లను వేలితో మెల్లగా ఒలిచి, గాలి ఆడే చిన్న డబ్బాలో పెట్టుకోవాలి. మూడు నుంచి ఐదు రోజుల్లో పిల్లలు వస్తాయి, అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే రొయ్యలాంటి బుల్లి జీవి) వాటికి సరైన మేత. రొయ్యల హేచరీలున్న తీరంలో ఆర్టీమియా గుడ్లు దొరకడం కష్టం కాదు.

బ్రిజిల్‌నోస్ అయితే అడక్కుండానే పిల్లల్ని పెడుతుంది. మగచేప గుహలో కూర్చుని గుడ్లకు రెక్కలతో గాలి విసురుతూ కాపలా కాస్తుంది, ఒక విడతకు యాభై, వంద పిల్లలు మామూలు. నాలుగు నెలల తర్వాత వాటికి చోటు ఉండదు. జంటను కలిపి కొనేముందే దీని గురించి ఆలోచించాలి. పిల్లలు వద్దనుకుంటే ఒక్క చేపే చాలు, అది ఒంటరిగా ఉండగలదు. పుట్టిన వాటిని అక్వేరియం షాపుకి ఇస్తే బదులుగా మేతో, మొక్కలో ఇస్తారు. సెయిల్‌ఫిన్ బదులు ఆ చిన్న ప్లెకోలే వాళ్ల తొట్లలో ఉండటం ఊరి కాలువలకు కూడా మంచిది. ఇచ్చేటప్పుడు ఇది బ్రిజిల్‌నోస్ అని, ఐదంగుళాలకు మించి పెరగదని తొట్టి మీద రాసి అంటించమని అడగండి.